పాత బట్టీలో పురుడు

కృపావరానికి యాభై రెండేళ్లు. అందులో ముప్ఫై ఏడేళ్లు సున్నపు బట్టీల దగ్గరే గడిచాయి. పిడుగురాళ్లలో హైవే దిగి లోపలికి వెళ్తే వరసగా వచ్చే మిల్లుల్లో గోపాలకృష్ణయ్య గారిది చిన్న మిల్లు. పక్కపక్కనే రెండు బట్టీలు, సున్నం నిలవ చేసే ఒక షెడ్డు, లారీలు తూచే కాటా, కాటా పక్కన ఆఫీసు గది. ఆ మిల్లుకి కృపావరం మేస్త్రీ. బట్టీలో పైనుంచి రాయి ఎంత పొయ్యాలో, మధ్యలో బొగ్గు ఎంత చల్లాలో, కింది మూతి ఎప్పుడు తెరిచి కాలిన సున్నం లాగాలో ఆయన చెప్పినట్టే జరుగుతుంది. ఆ మధ్య వేడి చూపించే మీటరు కొని బిగించారు. అయినా ఆయన రోజూ పొద్దున్నే వచ్చి అరచెయ్యి వెనక్కి తిప్పి బట్టీ గోడకి ఆనించి చూస్తాడు. ఆ తర్వాతే మీటరు వంక చూస్తాడు.

ఆయన ఎడమ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా తెల్లగా ముడతలు పడి ఉంటుంది. ఇరవై ఏళ్ల వయసులో, వానలో తడిసిన చొక్కాతో కాలుజారి సున్నం గుట్ట మీద పడ్డాడు. బట్టీ నుంచి దిగిన సున్నం చల్లారాక చూడటానికి మామూలు సుద్దరాయిలాగే ఉంటుంది. తడి తగిలిందంటే మాత్రం సలసలా మరుగుతుంది. ఆ సంగతి మిల్లులో అందరికీ నోటిమాటగా తెలుసు, కృపావరానికి చేత్తో తెలుసు.

రెండేళ్ల కిందట కొత్తగూడెం వైపు నుంచి వచ్చిన బొగ్గు లారీకి పట్టా విప్పుతుంటే మడతల్లో ఒక కుక్కపిల్ల దొరికింది. అదెక్కడ ఎక్కిందో తనకి తెలియదన్నాడు డ్రైవరు. నల్లటిది, ఆడది. బొగ్గుతో వచ్చింది కాబట్టి దానికి బొగ్గి అని పేరు స్థిరపడింది. పొద్దున నల్లగా ఉండే కుక్క సాయంత్రానికి దుమ్ము పట్టి తెల్లబడేది. ఇంటికి వెళ్లే ముందు కృపావరం గోనెపట్టాతో దాన్ని దులిపి వెళ్లేవాడు. అంతకుమించి దానికీ ఆయనకీ పెద్ద సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు, ఆయన కూడా అనుకోలేదు.

దసరా వెళ్లిన వారంలో కాటా దగ్గర పనిచేసే మిస్బా ఒక సంగతి బయటపెట్టింది. మిస్బా డిగ్రీ చదివి రెండేళ్లుగా ఇక్కడ తూకం చీటీలు కొడుతోంది. బొగ్గి బాగా తిని ఒళ్లు చేసిందని కృపావరం అంటే, ఒళ్లు కాదు బాబాయ్, కడుపు అని చెప్పింది. ఆయన నమ్మలేదు. బొగ్గిని వెల్లకిలా తిప్పి చూపించింది. రొమ్ములు ఉబ్బి ఉన్నాయి.

ఎప్పుడు ఈనుతుందో ఎట్లా తెలుస్తుందని ఆయన అడిగితే, మిస్బా కాసేపు ఆలోచించి నవ్వు ఆపుకుంటూ పాత చీటీల ఫైలు తీసింది. ఆగస్టులో ఒక రోజు పక్క మిల్లు కుక్కా బొగ్గీ సరిగ్గా కాటా మధ్యలో జతకట్టి నిలబడ్డాయి. వెనక రాయి లారీ వాడు హారన్ కొడుతున్నా కదల్లేదు. ఇరవై నిమిషాలు తూకం ఆగిపోయింది. ఎందుకు ఆగిందని గోపాలకృష్ణయ్య గారు ఫోన్ చేస్తే ఏం చెప్పాలో తెలియక కరెంటు పోయిందని చెప్పింది. ఆ లారీ చీటీ మీద తేదీ ఉంది. ఆగస్టు ఇరవై ఎనిమిది. ఫోన్లో చూసి కుక్కకి అరవై మూడు రోజులని చెప్పింది. లెక్క వేస్తే అక్టోబరు ముప్ఫై వచ్చింది.

మరుసటి రోజు కృపావరం బొగ్గిని ఆటోలో ఎక్కించుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ అందరూ గేదెలతో, గొర్రెలతో వచ్చినవాళ్లే. డాక్టరు నడివయసు మనిషి. పొట్ట తడిమి నాలుగో ఐదో ఉండొచ్చన్నాడు. తొలి చూలు కాబట్టి కాస్త కనిపెట్టుకుని ఉండాలన్నాడు. తిండి పెంచమన్నాడు, కాల్షియం ఇప్పుడే వద్దు, ఈనాక చూద్దామన్నాడు. చివర్లో చెప్పిన రెండు మాటలు కృపావరానికి బాగా పట్టాయి. ఒకటి, ఈనే ముందు రోజు కుక్కకి ఒంటి వేడి తగ్గుతుంది, మామూలుగా నూటొకటి దాకా ఉండేది తొంభై తొమ్మిదికి దిగితే ఇక ఇరవై నాలుగు గంటల్లో ఈనుతుంది. రెండు, పుట్టిన పిల్లలకి మొదటి వారం తమ వేడి తాము నిలుపుకునే శక్తి ఉండదు, అవి పడుకునే చోటు వెచ్చగా ఉండాలి, కానీ తల్లికి ఉక్కపోయకూడదు.

బతుకంతా వేడి చూసుకుంటూ వచ్చిన మనిషి. అది తను చేయగలిగిన పనే అనిపించింది ఆయనకి.

ఇంటికొచ్చి భార్య ధనమ్మని జ్వరం చూసే థర్మామీటరు ఎక్కడుందని అడిగాడు. కరోనా అప్పుడు కొన్నది బీరువాలో ఉందని చెప్పి, ఎవరికని అడిగింది. కుక్కకి అని చెప్పి, ఎక్కడ పెట్టి చూడాలో కూడా చెప్పాడు. అయితే అది ఇక మళ్లీ ఇంటికి తేవద్దంది ధనమ్మ.

తిండి సంగతి కుదిరింది. చికెన్ కొట్టువాడు కాళ్లూ మెడలూ ఇచ్చేవాడు, ధనమ్మ రోజూ రెండు గిద్దెల బియ్యం ఎక్కువ వండి కారియర్ అడుగు గిన్నెలో పెట్టేది. చోటు దగ్గరే చిక్కు వచ్చింది. దీపావళి టపాసులకి బెదిరిన బొగ్గి సున్నం షెడ్డులో దూరింది. ఉత్తరం మూల బస్తాల వెనక, నేలంతా సున్నపు పొడి పేరుకున్న చోట, ముందు కాళ్లతో గుంట తవ్వుకుంది. పండగ మర్నాడు పనిలోకి వచ్చిన కృపావరం అది చూసి నిలబడిపోయాడు. ఈనితే ఉమ్మనీరు పడుతుంది. పిల్లలు తడిగా పుడతాయి. ఆ గుంటలో పడితే కాలిపోతాయి.

బొగ్గిని బయటికి లాగి, మూలకి బస్తాలు అడ్డం వేయించాడు. మధ్యాహ్నానికి అది బస్తాల సందులోంచి మళ్లీ లోపలుంది. ఆఫీసు మెట్ల కింద కొత్త గోనెలు పరిచి చూపించాడు. వాసన చూసి వెళ్లిపోయింది. ఒక పాత డ్రమ్ము అడ్డంగా పడేసి అందులో గడ్డి వేశాడు. దాని వంక చూడను కూడా చూడలేదు. షెడ్డు తలుపు వేసేద్దామంటే లారీలు లోడ్ అయ్యేది అందులోనుంచే.

ఆ సాయంత్రం ఇంట్లో ఇదంతా చెప్పుకొచ్చాడు. ధనమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"దానికి చోటు కోసం ఇంత తిరుగుతున్నావే, నా తొలి కాన్పుకి నువ్వు ఏడున్నావో గుర్తుందా?" అంది. కోపంగా అనలేదు.

"బట్టీ మీదున్నా."

"రెండోదానికి?"

"బట్టీ మీదే."

అది నిజమే. ఒకసారి వెలిగించిన బట్టీ నెలల తరబడి ఆరదు. రాయి పడుతూనే ఉండాలి, సున్నం దిగుతూనే ఉండాలి. కొడుకు శరత్ పుట్టినప్పుడు కొత్త బట్టీ అంటించి నాలుగో రోజు. కూతురు తేజస్వి పుట్టినప్పుడు గురజాల ఆసుపత్రికి మూడో రోజున వెళ్తే, కనుబొమల మీద కూడా సున్నం ఉందని నర్సు ఆయన్ని బిడ్డని ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు శరత్ మాచర్లలో టిప్పరు నడుపుతున్నాడు, తేజస్వి నరసరావుపేటలో ఒక ల్యాబులో పనిచేస్తోంది.

కృపావరం తనూ ఒక చిక్కుడుకాయ తీసి తుంచుతూ, "శరత్ పుట్టిన రోజు ఏం జరిగిందో నువ్వెప్పుడూ చెప్పలా" అన్నాడు.

"నువ్వెప్పుడు అడిగావని?"

అడిగినట్టే అనుకుని ఆమె చెప్పింది. తెల్లారుజామున నొప్పులు మొదలయ్యాయట. అత్త అప్పటికే మిరపకాయల కోతకి వెళ్లింది. ఇంట్లో ఒక్కతే. మంచం మీద పడుకోలేకపోయింది, వంటింట్లో కూర్చోలేకపోయింది. తను రోజూ కప్పుకునే పాత దుప్పటి చంకలో పెట్టుకుని ఇల్లంతా తిరిగి, ఆఖరికి వడ్ల గాబు వెనక మూలలో ఇరుక్కుని కూర్చుంది. పక్కింటి ముసలామె వచ్చి, చక్కటి మంచం ఉండగా ఇక్కడేందే అని లేపబోతే కదలనంది. శరత్ అక్కడే పుట్టాడు.

"వీపుకి గోడ ఆనాలి. ఎవరొస్తున్నారో తలుపు కనపడాలి. మనదనే వాసన ఉండాలి. నువ్వు పరిచే కొత్త గోనెలు దానికెందుకు?" అంది ధనమ్మ. "ఇన్నాళ్లూ దేని మీద పడుకుంటందో అది వెయ్యి."

ముప్ఫై ఏళ్లు కాపరం చేసిన మనిషి నోట ఆ మాటలు మొదటిసారి వింటున్నాడు కృపావరం.

వీపుకి గోడ, ఎదురుగా వాకిలి. మర్నాడు మిల్లులోకి అడుగు పెట్టగానే ఆయన కళ్లు పాత బట్టీ మీదికి పోయాయి. రెండు బట్టీల్లో ఒకటి పగుళ్లిచ్చి రెండేళ్లుగా ఆరిపోయి ఉంది. కింద సున్నం లాగే మూతి నడుం ఎత్తున ఇటుకల కమానులా, లోపలికి నాలుగు అడుగుల లోతు ఉంటుంది. వెనక మూసుకుపోయింది, ముందు మిల్లు వాకిలంతా కనిపిస్తుంది. పక్క గోడ అవతల నడుస్తున్న బట్టీ ఉంది. వంగి లోపలికి దూరి చేతి వెనక భాగం గోడకి ఆనించాడు. కుడి వైపు మరీ వేడి. మధ్యలో వెచ్చన. ఎడమ వైపు చల్లన. డాక్టరు చెప్పిన చోటు ఇదే.

కానీ ఆ బట్టీని వచ్చే సోమవారం పడగొట్టాలి. జేసీబీకి చెప్పేశారు. దాని జాగాలో కొత్త బట్టీ కట్టాలని గోపాలకృష్ణయ్య గారు ఏడాదిగా అనుకుంటున్నారు.

ఆఫీసు గదికి వెళ్తూ దారిలో ఏం చెప్పాలా అని ఆలోచించాడు. పక్క బట్టీ వేడికి ఇటుకలు ఇంకా కాలుతున్నాయని చెప్పొచ్చు. పడగొడితే పక్క బట్టీ గోడ కదులుతుందని చెప్పొచ్చు. ఆయన మేస్త్రీ, చెప్తే నమ్ముతారు. తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ రెండూ వద్దనుకున్నాడు.

గోపాలకృష్ణయ్య గారు అరవై దాటిన కోమట్లాయన. తండ్రి కాలం నుంచి వ్యాపారం. మాట తక్కువ. కృపావరాన్ని చూసి ఏందని తల ఎగరేశారు.

"అయ్యా, సోమవారం పాత బట్టీ పడగొట్టొద్దు. మూడు వారాలు ఉండనియ్యండి."

"ఎందుకు?"

"బొగ్గి అందులో ఈనాలి."

గోపాలకృష్ణయ్య గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "కుక్క కోసం జేసీబీని ఆపమంటావా, కృపావరం?"

"అవునయ్యా."

జేసీబీ వాడికి ఆ వారమే ఖాళీ అని, తర్వాత కాలవ పనికి పోతాడని, చూద్దామని అన్నారు. చూద్దామంటే కాదనే అర్థమని కృపావరానికి తెలుసు. అయినా బయటికి వచ్చి పని మొదలుపెట్టాడు.

ముందు మూతిలో మిగిలిన పాత సున్నమంతా పారతో గీకి తీశాడు. సందుల్లో ఉన్నది తియ్యడానికి నీళ్లు కొట్టి, అది పొంగి చల్లారేదాకా ఆగి, మళ్లీ కడిగాడు. అట్లా మూడు రోజులు చేశాడు. తర్వాత గోడకి పగుళ్లున్నాయేమో చూడాలి. పక్క బట్టీ పొగ సన్నగా లోపలికి వస్తే కంటికి కనపడదు, ముక్కుకి తెలియదు, కానీ చంపేస్తుంది. గోనె తాడు ముక్క అంటించి, మంట ఆర్పి, ఆ పొగని గోడ పొడుగునా జరుపుతూ పోయాడు. రెండు చోట్ల పొగ వంగింది. ఆ రెండు చోట్లా బంకమట్టి మెత్తాడు. మళ్లీ చూశాడు. పొగ నిటారుగా లేచింది. నేలంతా పేడతో అలికి, ఆరాక మీద ఏటి ఇసక పోశాడు.

మిస్బా ఫోన్లో ఏదో చూసి, తల్లి గోడకి జరిగినప్పుడు పిల్లలు మధ్యలో నలుగుతాయట బాబాయ్ అని చెప్పింది. దానికి గోడల వెంట జానెడు ఎడంగా, జానెడు ఎత్తున వెదురు బొంగులు కట్టాడు. బొంగుల వెనక పిల్లలకి సందు మిగులుతుంది. మూతి ముందు, పిల్లలు దొర్లి బయట పడకుండా, అడుగు ఎత్తున చెక్క నిలబెట్టాడు. ఆఖరున ధనమ్మ చెప్పినట్టు, బొగ్గి రెండేళ్లుగా కాటా గది వెనక పడుకునే చిరుగుల గోనె తెచ్చి ఇసక మీద వేశాడు. అది మురికి కంపు కొడుతోంది. దులపలేదు కూడా.

బొగ్గి ఆ సాయంత్రం వచ్చింది. చెక్క మీదుగా తల పెట్టి చూసింది. లోపలికి దిగి గోనె మీద రెండు చుట్లు తిరిగి, మళ్లీ బయటికొచ్చి షెడ్డులోకి పోయింది. కృపావరం వెంట వెళ్లలేదు. మర్నాడు దాని తిండి గిన్నె మూతిలోనే పెట్టాడు. మూడో రోజుకి మధ్యాహ్నం ఎండకి అందులో పడుకోవడం మొదలుపెట్టింది.

ఆదివారం గోపాలకృష్ణయ్య గారు చెప్పకుండా మిల్లుకి వచ్చారు. పాత బట్టీ దగ్గరికి నడిచి, పంచె ఎగదోసుకుని వంగి లోపలికి చూశారు. బొగ్గి తల ఎత్తి చూసి మళ్లీ పడుకుంది. ఆయన ఇసక వంక, బొంగుల వంక, మట్టి మెత్తిన చోట్ల వంక చూశారు. పగుళ్లు ఎట్లా దొరికాయంటే పొగతో అని చెప్పాడు కృపావరం. ఈ పొగ పరీక్ష ఎవరు నేర్పారని అడిగారు. ఎవరూ నేర్పలేదన్నాడు కృపావరం. నవంబరు పదిహేను దాకా ఆపిస్తానని, ఆ తర్వాత తనని అడగొద్దని చెప్పి కారెక్కారు.

బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని, తుఫాను అవుతుందని అప్పటికే టీవీలో చెప్తున్నారు. వానలో జేసీబీ ఎటూ దిగబడుతుందని ఆపి ఉంటారని కృపావరం ఇంట్లో అన్నాడు. కాదు, నువ్వు అడిగావని ఆపారు, ఎప్పుడన్నా ఏదన్నా అడిగావా గనక అంది ధనమ్మ.

రోజూ రెండు పూటలా బొగ్గి వేడి చూసేవాడు. అది మొదటి రోజు గుర్రుమంది, తర్వాత అలవాటు పడింది. ఆయన అంకె చెప్తే మిస్బా క్యాలెండరు వెనక రాసేది. నూటొకటి, నూటొకటిన్నర, నూటొకటి. మంగళవారం మధ్యాహ్నం వాన మొదలైంది. సాయంత్రం చూస్తే తొంభై ఎనిమిదిన్నర. థర్మామీటరు విదిలించి మళ్లీ పెట్టాడు. అదే. తన చెయ్యి దాని తొడ లోపల ఆనించి చూశాడు. నిజమే, చల్లబడింది.

బుధవారం పొద్దుటికి గాలి కూడా తోడైంది. బొగ్గి గిన్నెలో తిండి ముట్టలేదు. గోనెని కాళ్లతో గీరి ఒక మూలకి చేర్చింది, నాలుక బయటపెట్టి ఆయాసపడుతోంది, లేచి తిరిగి మళ్లీ పడుకుంటోంది. మిస్బా వానకి రాలేకపోయింది. కృపావరం రేకు ముక్క ఒకటి మూతికి చూరులా వంచి కట్టి, తడిసిపోతూ అక్కడే నిలబడ్డాడు.

ఎనిమిదిన్నరకి ఆటో వచ్చి ఆగింది. కారియరు పట్టుకుని ధనమ్మ దిగింది. ఒకప్పుడు ఆమె కూడా ఈ మిల్లులోనే కాలని రాళ్లు ఏరే పని చేసింది. దుమ్ముకి దగ్గు పట్టుకుని మానేసి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లలో ఈ గేటు దాటి రాలేదు. వానకి దుమ్ము అణిగింది కదా, వచ్చానంది.

ఆమె గొడుగు ముడుస్తుండగానే షెడ్డు వైపునుంచి కేకలు వినపడ్డాయి. గాలికి ఉత్తరం మూల రేకు లేచిపోయింది. వాన సూటిగా సున్నం మీద పడుతోంది. ఆ మూలంతా తెల్లటి ఆవిరి, బుసబుసమని చప్పుడు.

కృపావరం ఒకసారి మూతి వంక, ఒకసారి షెడ్డు వంక చూశాడు.

"నువ్వు పో. నేనుంటా" అంది ధనమ్మ.

పరిగెత్తాడు. తడిసిన గుట్టని ముట్టుకోవద్దని, అది మరిగి చల్లారాల్సిందేనని అరుస్తూ, నలుగురు కూలీలతో పక్కనున్న పొడి బస్తాలని అవతలికి లాగించాడు. ఒకడు నీళ్లు కొట్టి చల్లారుద్దామంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. టార్పాలిన్ కప్పి, నీళ్లు ఇటు రాకుండా ఇసక బస్తాలు అడ్డం వేశారు. ముప్పావుగంట పట్టింది. అంతా అయ్యాక ఆవిరిలోంచి ఆ మూల కనిపించింది. బస్తాల వెనక బొగ్గి తవ్వుకున్న గుంటలో సున్నం ఇంకా తుకతుకా ఉడుకుతోంది. కృపావరం దాని వంక ఒక క్షణం చూసి వెనక్కి తిరిగాడు.

పాత బట్టీ దగ్గర ధనమ్మ బోర్లించిన తట్ట మీద కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, ఒళ్లో తన పాత చీర గుడ్డ పెట్టుకుంది. లోపల బొగ్గి పొట్ట దగ్గర రెండు నల్లటి ముద్దలు కదులుతున్నాయి.

మొదటిది తోలు సంచిలోనే పడిందని ధనమ్మ చెప్పింది. బొగ్గి దాన్ని చూసి బెదిరి వెనక్కి జరిగింది, అదేందో దానికి అర్థం కాలేదు. ధనమ్మ గోటితో ఆ తోలు చించి, ముక్కూ నోరూ తుడిచి, అది కుయ్యిమనేదాకా గుడ్డతో రుద్ది, తల్లి మూతి దగ్గర పెట్టింది. అప్పుడు నాకడం మొదలుపెట్టింది. రెండోదాని తోలు తనే చించుకుంది, తనే బొడ్డు కొరికింది.

కృపావరం వంగి చెయ్యి చాచాడు.

"చేతులు" అంది ధనమ్మ.

చూసుకున్నాడు. మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. పంపు దగ్గరికి వెళ్లి ధారగా నీళ్లు వదిలి మూడుసార్లు కడిగాడు. పనిలోకి దిగే ముందు రాసుకునే కొబ్బరినూనె సీసా తెచ్చి రాసుకున్నాడు. తిరిగొచ్చేసరికి మూడోది వస్తోంది. బొగ్గి ఒళ్లంతా ఒకసారి బిగిసింది, వదిలింది, మళ్లీ బిగిసింది. తోలు సంచి బయటికి జారింది. లోపల ఉన్నది కాళ్లు కదిపింది. బొగ్గి వెనక్కి తిరిగి, తొందర లేకుండా, పళ్లతో ఆ తోలు తీసి, నాకి నాకి దాన్ని పక్కకి దొర్లించింది. కళ్లు మూసుకున్న ఆ పిల్ల తల ఊపుకుంటూ పాలు వెతుక్కుంది. ఎవరూ దారి చూపలేదు. ఇంతసేపూ కృపావరం చేసిందేమీ లేదు, చెక్క పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు, అంతే.

"పిల్లలు పుట్టినప్పుడు ఇట్టాగే ఉందా?" అని అడిగాడు.

"ఇంతకంటే గోల ఎక్కువ" అంది ధనమ్మ.

నాలుగోది ఆలస్యమైంది. గంట దాటింది. డాక్టరుకి ఫోన్ చేస్తే, ముక్కకుండా ఊరికే పడుకుని ఉంటే రెండు గంటల దాకా చూడమన్నాడు. పదకొండున్నరకి వచ్చింది. కదల్లేదు. ధనమ్మ ఎంత రుద్దినా ఊపిరి అందుకోలేదు. బొగ్గి దాన్ని చాలాసేపు నాకింది. ఐదోది వస్తున్నప్పుడు అటు తిరిగితే, కృపావరం ఆ నాలుగోదాన్ని గుడ్డలో చుట్టి తీసేశాడు. ఐదోది బతికింది. వాన కాస్త తగ్గాక ప్రహరీ గోడ పక్క తుమ్మచెట్ల దగ్గర గుంట తీసి పూడ్చాడు.

ధనమ్మ మధ్యాహ్నం రెండింటి దాకా ఉంది. వాన సన్నబడి, షెడ్డులో పొడి బస్తాలు మళ్లీ సర్దుతుంటే దుమ్ము లేచేసరికి దగ్గు మొదలైంది. కృపావరం హైవే దాకా గొడుగు పట్టుకుని నడిచి ఆమెని ఆటో ఎక్కించాడు.

నాలుగు పిల్లల్లో రెండు నలుపు, రెండు పక్క మిల్లు కుక్క పోలికలో గోధుమ రంగు. మొదటి వారం అవి వెచ్చని మధ్య భాగంలో ఒకదాని మీద ఒకటి పడుకునేవి. బొగ్గి పాలిచ్చాక ఎడమ వైపు చల్లటి చోటికి జరిగేది. మిస్బా రోజుకొక ఫొటో తీసేది. నవంబరు పన్నెండుకి ఒకటి, మర్నాటికి మిగతావి కళ్లు తెరిచాయి. పద్నాలుగున తల్లినీ పిల్లల్నీ గోనెతో సహా ఆఫీసు మెట్ల కిందికి మార్చారు. ఈసారి బొగ్గి పేచీ పెట్టలేదు. ఆ తర్వాతి సోమవారం జేసీబీ వచ్చి పూట తిరక్కుండా పాత బట్టీని నేలమట్టం చేసింది. దాన్ని మొదట వెలిగించిన రోజు కృపావరానికి పంతొమ్మిదేళ్లు. ఇటుకలు పడుతుంటే కాసేపు నిలబడి చూసి, నడుస్తున్న బట్టీ గోడకి ఏమన్నా దెబ్బ తగిలిందేమోనని చెయ్యి ఆనించి చూసి పనిలోకి వెళ్లాడు.

పిల్లలు రెండు నెలలు దాటాక మూడు చోట్లకి వెళ్లాయి. ఒకదాన్ని గోపాలకృష్ణయ్య గారు అచ్చంపేట దగ్గరున్న తన తోటకి పంపారు, నలుపుదే కావాలని ఏరి తీసుకున్నారు. ఒకటి శరత్ టిప్పరులో మాచర్ల పోయింది. ఒకదాన్ని మిస్బా మేనమామ మేకల దొడ్డికి కాపలాకని పట్టుకెళ్లాడు. గోధుమరంగుది ఒకటి మిల్లులోనే ఉండిపోయింది.

మళ్లీ మళ్లీ ఈ తిప్పలు పడలేమని, ఆపరేషన్ చేయించేద్దామని మిస్బా అంది. ఫిబ్రవరిలో ఒక పొద్దున కృపావరం బొగ్గిని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ ఒకమ్మాయి కాగితం ముందు పెట్టుకుని కుక్క పేరు అడిగింది. చెప్పాడు. వయసు అడిగింది. రెండేళ్లు దాటిందన్నాడు. ఓనరు పేరు అడిగింది.

ఓనరు అంటే ఆయనకి ముప్ఫై ఏడేళ్లుగా ఒకటే అర్థం. గోపాలకృష్ణయ్య అని నోటిదాకా వచ్చింది.

"కృపావరం" అన్నాడు. ఇంటి పేరు కూడా చెప్పి రాయమన్నాడు.

కుట్లకి పది రోజులు తడి తగలకూడదని, దుమ్ము అసలు తగలకూడదని డాక్టరు చెప్పాడు. ఆ పది రోజులకి బొగ్గిని మిల్లుకి కాకుండా ఇంటికి తీసుకెళ్లాడు. ధనమ్మ పెరట్లో రేకుల పంచ కింద ఊడ్చి ఉంచింది. ఆటో దిగిన బొగ్గి కొత్త చోటు వాసన చూస్తూ గోడ పక్కకి చేరి పడుకుంది. నీళ్లు పెట్టనా, పాలు పెట్టనా అని అడిగింది ధనమ్మ. డాక్టరు సాయంత్రం దాకా ఏమీ పెట్టొద్దన్నాడని చెప్పి, కృపావరం అన్నం తిని మధ్యాహ్నం పనికి బయల్దేరాడు.